కాలిఫోర్నియా వేడినీటి తొట్లు

పెరటిలో నీరు కారుచున్న పాత వేడినీటి తొట్టిని బాగుచేయింపవలెనా, పారవైచి క్రొత్తది కొనవలెనా యని తర్కించు అమెరికా గృహస్థునకు, ఆ తొట్టి పుట్టుకయే పాతసామానునుండి జరిగినదని చెప్పినచో వింతగా తోచవచ్చును. 1960వ దశకమున కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా కొండలయందు నివసించిన స్వేచ్ఛాప్రియులు కొందరు, ద్రాక్షసారాయి వ్యాపారులు వాడి విడిచిన రెడ్‌వుడ్ కొయ్య పీపాలను తెచ్చి, వానిలో కాచిన నీరు నింపి, మెడవఱకు మునిగి కూర్చుండి సల్లాపములాడు వేడుకను కల్పించిరి.

ఆ పీపా కట్టుబడిలో మేకు లేదు, జిగురు లేదు. నిలువుపలకలను వలయముగా చేర్చి, వాని లోపలివైపున తొలిచిన గాడిలో అడుగుపలకలను ఇమిడ్చి, చుట్టును ఇనుపపట్టీలు వేసి మరలతో బిగింతురు. తొలుత నీరు నింపినపుడు సందులనుండి ధారలు కారును. కొన్ని దినములలో కొయ్య నీరు త్రాగి ఉబ్బి, సందులు తమంత తామే మూసికొనును. వేసవిలో బీటలిచ్చిన బండిచక్రమును చెఱువులో నానవేయు మన రైతునకు ఈ కిటుకు క్రొత్త కాదు. అట్టి తొట్టికి కారుటకన్న ఎండుటయే కీడు. ఒక పలక చివికినను దానిని మాత్రమే మార్చుటకు వీలుండెను.

అదే రాష్ట్రమున అంతకుముందే వేఱొక యత్నము సాగెను. ఇటలీనుండి వలసవచ్చి, మొదట విమానపు ప్రొపెల్లర్లను, పిదప నీటిపంపులను చేసిన జకూజీ సోదరులలో కాండిడో కుమారుడు పసితనముననే కీళ్లవాతమున బాధపడగా, స్నానపుతొట్టిలో నీటిని సుడిత్రిప్పు పంపును వారు నిర్మించి, 1956లో జె-300 అను పేర విపణికి తెచ్చిరి. 1968లో ఆ వంశీయుడే యగు రాయ్ జకూజీ పంపును, గొట్టములను తొట్టిలోనే యిమిడ్చెను.

తరువాత ఫైబర్‌గ్లాసు, అక్రిలిక్ తొట్లు వచ్చి కొయ్యను వెనుకకు నెట్టినవి. వేడి నిలుచుటకై తొట్టి వెలుపలిభాగమును, గొట్టములతో కూడ, ఫోముతో కప్పివేయుట పెక్కింటికి పరిపాటి యయ్యెను. కరెంటు ఖర్చునకు మేలే. మరమ్మతునకు మాత్రము ఇంతకన్న చెఱుపు చేసిన మార్పు లేదని నా తలంపు. ఒకచోట కారిన నీరు ఫోములో పాకి మఱియొక మూల బయటపడును. పనివాడు పిడికెడు పిడికెడుగా ఫోమును పెల్లగించుచు తడి జాడ వెదకవలెను.

అందుచేత ఎఱిగినవారు ముందు పంపు ఆపి చూతురు. నీటిమట్టము దిగి దిగి, నీరు చిమ్ము ఒక జెట్టుకడ నిలిచినచో, చిల్లు ఆ యెత్తుననే యుండును. పంపు నడచునపుడు మాత్రమే కారినచో, అది నీటిని త్రోయు గొట్టములను శంకింపవలెను. పంపు సీలో, అతుకుకడ రబ్బరు వలయమో అరిగినచో కొలదిపాటి సొమ్ముతో తీఱును. ఫోము నాని, తొట్టి పగిలి, క్రింది చట్రము కుళ్లినచో మాత్రము, సెకండ్‌హ్యాండులో చవుకగా వచ్చిన తొట్టికి కూలియే వెలను మించును గనుక, దానిని విడుచుటయే యుక్తము. కొనదలచువారు నీరు నింపించి, కాగనిచ్చి, ఒక రాత్రి యుంచి, మఱునాడు మట్టము చూచిన పిదపనే బేరమాడవలెను.