కృష్ణా–గోదావరి సముద్రగర్భ కర్బన నిల్వ

కృష్ణా, గోదావరి డెల్టాలకు ఎదురుగా బంగాళాఖాతం అడుగున కిలోమీటర్ల మందాన ఒండ్రు పేరుకుని ఉంది. వరదలు దక్కన్ పీఠభూమి నుంచి, సహ్యాద్రి వాలుల నుంచి మోసుకొచ్చిన మట్టి అది. ఆకులు, వేర్లు కుళ్లగా మిగిలిన కర్బనం సన్నని బంకమట్టి రేణువులకు అంటుకుని దానితోపాటే సముద్రం చేరింది. మీద మేట పడేకొద్దీ ఆ కర్బనం కిందికి పూడుకుపోయింది.

పూడినంత మాత్రాన మార్పు ఆగదు. పైపొర దాటగానే మట్టిలో ఆక్సిజన్ అయిపోతుంది. అక్కడ బ్యాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేట్‌తో బతుకుతుంది. సల్ఫేట్ కూడా అడుగంటిన లోతున ఆర్కియా అనే సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. చల్లదనం, పైనున్న నీటి ఒత్తిడి వల్ల ఆ వాయువు నీటితో కలిసి మంచులాంటి హైడ్రేట్‌గా గడ్డకడుతుంది. పైకి తప్పించుకునే మీథేన్‌లో చాలా భాగాన్ని మరికొన్ని సూక్ష్మజీవులు సల్ఫేట్ సాయంతో మట్టిలోనే హరించేస్తాయి. సముద్రగర్భానికి అసలైన కాపలా ఇదే.

1855లో విజయవాడ దగ్గర కృష్ణా నదిపై ఆనకట్ట పూర్తయింది. 1957లో దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. మట్టి రాకకు పెద్ద దెబ్బ మాత్రం ఎగువన కట్టిన నాగార్జునసాగర్, శ్రీశైలం వంటి భారీ జలాశయాల వల్లే తగిలింది. ఒండ్రు అక్కడే నిలిచిపోవడంతో డెల్టాకు, సముద్రానికి చేరేది బాగా తగ్గింది. కృష్ణా డెల్టాలోని సొర్లగొంది పరిసరాల మడ అడవులు కూడా కర్బనాన్ని దాచుకునేది ఈ మట్టిలోనే.

సముద్రగర్భంలోని ఈ హైడ్రేట్‌ను వెతికే భారత జాతీయ గ్యాస్ హైడ్రేట్ కార్యక్రమం 1997లో మొదలైంది. 2006లో ‘జోయిడెస్ రిజల్యూషన్’ నౌక తూర్పు తీరంలో, అండమాన్‌లో, పశ్చిమాన కేరళ–కొంకణ్ తీరంలో తవ్వకాలు జరిపింది. కృష్ణా–గోదావరి బేసిన్‌లోని పదో స్థలంలో, సుమారు వెయ్యి మీటర్ల నీటి అడుగున, దాదాపు 130 మీటర్ల మందంలో హైడ్రేట్ దొరికింది. బూడిదరంగు బంకమట్టి పగుళ్లలో తెల్లని గడ్డలుగా, నిట్టనిలువు చారలుగా అది పేరుకుని ఉంది. కర్బన ఐసోటోపుల పరీక్షలో ఆ మీథేన్ ప్రధానంగా సూక్ష్మజీవుల సృష్టేనని తేలింది. 2015లో జపాన్ నౌక ‘చిక్యు’ ఇసుక పొరల్లోనూ హైడ్రేట్‌ను గుర్తించింది.

కర్బనాన్ని కావాలని సముద్రంలో దించే ప్రయత్నమూ జరిగింది. 2009లో భారత్, జర్మనీ శాస్త్రవేత్తలు లోహాఫెక్స్ పేరిట దక్షిణ మహాసముద్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర నాచు పెరిగేలా ఇనుము చల్లారు. నాచు పెరిగింది కానీ, దాన్ని చిన్న జలచరాలు మేసేయడంతో లోతుకు చేరిన కర్బనం స్వల్పమే. డెల్టా మట్టి యుగాలుగా చేస్తున్న పని అంత తేలిగ్గా చేతికి రాలేదు.

2018లో జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ కృష్ణా–గోదావరి బేసిన్‌లో మీథేన్ ఊటలను, వాటి చుట్టూ ఆ వాయువునే ఆధారం చేసుకుని బతికే జీవజాలాన్ని కనుగొంది. హైడ్రేట్ నుంచి వాణిజ్య ఉత్పత్తి ఇంకా మొదలు కాలేదు. దీన్ని ఇంధనంగా మాత్రమే లెక్కకట్టడం సగం చూపే. మీథేన్ గాలిలోకి చేరితే, వందేళ్ల లెక్కన, కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా వేడిని పెంచుతుంది.