జీటీఎక్స్ 1060, ఆర్ఎక్స్ 480: రెండు పాత గ్రాఫిక్స్ కార్డుల చరిత్ర

జీటీఎక్స్ 1060, ఆర్ఎక్స్ 480 అనేవి 2016లో మూడు వారాల తేడాతో మార్కెట్లోకి వచ్చిన గ్రాఫిక్స్ కార్డులు. మొదటిది ఎన్విడియాది, రెండోది ఏఎండీది. రెండూ ఇంచుమించు 200 నుంచి 250 డాలర్ల ధరలో, 1080పి తెరపై ఆటలు ఆడేవారిని ఉద్దేశించి తయారైనవే. ఏఎండీ తన కార్డును 2017లో కొద్దిగా వేగం పెంచి ఆర్ఎక్స్ 580 పేరుతో మళ్ళీ విడుదల చేసింది. అందుకే 480, 580లను ఒకే కార్డుకు రెండు అవతారాలుగా చూడడం పరిపాటి. వీటిలో ఏది వేగమైనది, ఏది గిట్టుబాటు అన్న వాదన చాలా ఏళ్ళు సాగింది. విడుదల నాడు సరైన జవాబు ఒకటి. ఐదేళ్ళ తరవాత సరైన జవాబు వేరొకటి. ఈ పోటీలో ఆసక్తికరమైన సంగతి అదే.

నేపథ్యం

2011 చివర్లో ఏఎండీ ప్రకటించిన రేడియాన్ హెచ్‌డీ 7970తో గ్రాఫిక్స్ చిప్పులు 28 నానోమీటర్ల తయారీలోకి అడుగుపెట్టాయి. ఆ తరవాత నాలుగేళ్ళకు పైగా రెండు కంపెనీలూ అక్కడే ఆగిపోయాయి. మధ్యలో వచ్చిన 20 నానోమీటర్ల పద్ధతి పెద్ద గ్రాఫిక్స్ చిప్పులకు పనికిరాలేదు. 2016లో ఫిన్‌ఫెట్ ట్రాన్సిస్టర్లు అందుబాటులోకి రావడంతో ఒక మెట్టు వదిలేసి పై మెట్టు ఎక్కినట్టయింది. తక్కువ కరెంటుతో, తక్కువ ధరలో, అంతకు ముందటి ఖరీదైన కార్డులంత వేగం ఇవ్వడం సాధ్యమైంది.

ఎన్విడియా తైవాన్‌కు చెందిన టీఎస్ఎంసీ 16 నానోమీటర్ల పద్ధతిని ఎంచుకుంది. ఏఎండీ గ్లోబల్‌ఫౌండ్రీస్ 14 నానోమీటర్ల పద్ధతికి వెళ్ళింది. గ్లోబల్‌ఫౌండ్రీస్ అంటే ఒకప్పటి ఏఎండీ సొంత ఫ్యాక్టరీలే. 2009లో అవి వేరే కంపెనీగా విడిపోయినా, అక్కడి నుంచి సరుకు కొంటూ ఉండాలన్న ఒప్పందం మాత్రం ఏఎండీని వదల్లేదు. కాగితం మీద 14 అంకె 16 కన్నా మెరుగ్గా కనిపిస్తుంది. కానీ ఎక్కువ క్లాక్ వేగాన్ని తక్కువ విద్యుత్తుతో అందుకున్నది 1060. అందులో తయారీ పద్ధతి వాటా కొంత, చిప్పు రూపకల్పన వాటా కొంత.

వ్యాపార వ్యూహాలు కూడా ఎదురెదురు దిక్కుల్లో నడిచాయి. ఎన్విడియా పైనుంచి దిగింది. మేలో 599 డాలర్ల జీటీఎక్స్ 1080, జూన్‌లో 379 డాలర్ల జీటీఎక్స్ 1070 వచ్చాకే 1060 వచ్చింది. ఏఎండీ మాత్రం కింద నుంచి మొదలుపెట్టింది. ఆ కంపెనీ గ్రాఫిక్స్ విభాగానికి అప్పుడు అధిపతి రాజా కోడూరి. ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఖరగ్‌పూర్ ఐఐటీలోనూ చదివిన తెలుగువాడు. 2016 కంప్యూటెక్స్ ప్రదర్శన సందర్భంగా తైపేలో ఆర్ఎక్స్ 480ని ప్రపంచానికి చూపింది ఆయనే. కొత్తగా వచ్చిన వర్చువల్ రియాలిటీ కళ్ళద్దాలకు సరిపోయే కార్డు 200 డాలర్లకే దొరకాలన్నది ఆ రోజు ఆయన వినిపించిన వాదన. రెండు 480లను జోడిస్తే 500 డాలర్ల లోపే ఖర్చవుతుందని, అవి ఒక 1080ని మించుతాయని ‘యాషెస్ ఆఫ్ ది సింగ్యులారిటీ’ ఆటతో చూపించారు. చూడడానికి బాగున్నా, ఆచరణలో అది నిలవలేదు. రెండు కార్డులను సక్రమంగా వాడుకునే ఆటలు తక్కువ, ఆ తరవాత మరీ తగ్గిపోయాయి. ఎన్విడియా అయితే 1060కి జంట కట్టే సౌకర్యమే ఇవ్వలేదు. కోడూరి 2017 నవంబరులో ఏఎండీని వదిలి ఇంటెల్‌లో చేరారు.

విడుదల, తొలి వివాదాలు

ఆర్ఎక్స్ 480 జూన్ 29న అమ్మకానికి వచ్చింది. 4 జీబీ రకం 199 డాలర్లు, 8 జీబీ రకం 239 డాలర్లు. పొలారిస్ 10 అనే చిప్పులో 2304 గణన యూనిట్లు, 256 బిట్ల మెమరీ మార్గం, 150 వాట్ల విద్యుత్ పరిమితి. చిత్రమేమిటంటే, మొదట్లో అమ్మిన కొన్ని 4 జీబీ కార్డుల్లో నిజానికి 8 జీబీ మెమరీ చిప్పులే ఉన్నాయి. కార్డు లోపలి నియంత్రణ సాఫ్ట్‌వేర్ అయిన బయాస్‌తో సగం తాళం వేసి పంపారు. సంగతి తెలిసినవారు బయాస్ మార్చుకుని 40 డాలర్లు మిగుల్చుకున్నారు.

తొలి వారంలోనే అసలు గొడవ మొదలైంది. మదర్‌బోర్డు స్లాటు నుంచి ఒక కార్డు తీసుకోదగిన విద్యుత్తు 75 వాట్లు. ఆరు పిన్నుల కేబుల్ నుంచి మరో 75 వాట్లు. 480 తన భారాన్ని ఈ రెండింటి మీదా ఇంచుమించు సమంగా పంచింది. మొత్తం 150 దాటినప్పుడు స్లాటు మీద కూడా పరిమితి దాటింది. చౌక మదర్‌బోర్డు వాడే కొనుగోలుదారుకే ఈ కార్డును ఉద్దేశించారు కాబట్టి ఆందోళన ఇంకా పెరిగింది. జూలై మొదటి వారంలో ఏఎండీ విడుదల చేసిన 16.7.1 డ్రైవర్ భారాన్ని కేబుల్ వైపు మళ్ళించి సమస్యను సర్దింది. తరవాత ఇతర కంపెనీలు తయారుచేసిన 480ల్లో చాలావాటికి ఎనిమిది పిన్నుల కేబుల్ వచ్చింది.

ఈ హడావుడి మధ్యే జూలై 7న ఎన్విడియా 1060ని ప్రకటించి, 19న అమ్మకానికి పెట్టింది. జీపీ106 చిప్పు, 1280 కోర్లు, 6 జీబీ మెమరీ, 192 బిట్ల మార్గం, 120 వాట్లు. ధర 249 డాలర్లు. ఎన్విడియా సొంత ‘ఫౌండర్స్ ఎడిషన్’ మాత్రం 299. రెండేళ్ళ కిందట 549 డాలర్లకు అమ్మిన జీటీఎక్స్ 980తో ఇది సమానమని కంపెనీ చెప్పుకుంది. ఆగస్టులో 199 డాలర్లకు 3 జీబీ రకం వచ్చింది. అందులో తగ్గింది మెమరీ ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. కోర్లు కూడా 1152కి తగ్గాయి. కోత పెట్టిన చిప్పుకు అదే పేరు పెట్టి అమ్మడం కొనేవారి కళ్ళు కప్పడమే.

ఆటల్లో వేగం

లెక్కల ప్రకారం ఆర్ఎక్స్ 480దే పైచేయి కావాలి. దాని గణన సామర్థ్యం దాదాపు 5.8 టెరాఫ్లాప్స్, 1060ది 4.4. మెమరీ వేగం 8 జీబీ 480లో సెకనుకు 256 గిగాబైట్లు, 1060లో 192. అయినా 2016లో, కార్డుతో మాట్లాడడానికి డైరెక్ట్ ఎక్స్ 11 పద్ధతిని వాడే ఆటల్లో ఎక్కువగా 1060యే గెలిచింది. కారణాలు మూడు. 1060 క్లాక్ వేగం 1700 మెగాహెర్ట్జ్ దాటుతుంది, 480ది 1266 దగ్గర ఆగుతుంది. తెరను చిన్న ముక్కలుగా చేసి గీసే పద్ధతి, రంగుల సమాచారాన్ని కుదించే పద్ధతి ఎన్విడియా చిప్పులో మెరుగ్గా ఉండడంతో తక్కువ మెమరీ వేగంతోనే పని జరిగిపోయేది. మూడోది డ్రైవర్. డైరెక్ట్ ఎక్స్ 11లో కంప్యూటర్ ప్రాసెసర్ మీద పడే భారాన్ని ఎన్విడియా డ్రైవర్ అనేక కోర్లకు పంచగలిగేది. ఏఎండీ డ్రైవర్ అంత బాగా పంచలేకపోయేది. ఐ3 వంటి చిన్న ప్రాసెసర్‌తో 480ని జతచేసినవారికి ఈ తేడా బాగా తెలిసేది. పరీక్షలు చేసేవారు ఖరీదైన ప్రాసెసర్లు వాడేవారు కాబట్టి వారి పట్టికల్లో అది అంతగా కనిపించలేదు.

డైరెక్ట్ ఎక్స్ 12, వల్కన్ ఆటల్లో కథ తిరగబడింది. ఈ కొత్త పద్ధతుల్లో డ్రైవర్ పాత్ర తగ్గి, చిప్పులోని ముడి శక్తిని ఆట నేరుగా వాడుకుంటుంది. 2016 జూలైలో ‘డూమ్’ ఆటకు వల్కన్ తోడ్పాటు రాగానే 480 వేగం ఒక్కసారిగా పెరిగి 1060ని దాటేసింది. అప్పటికి అలాంటి ఆటలు వేళ్ళ మీద లెక్కపెట్టదగినన్నే. అయితే ఏటేటా అవి పెరిగాయి, ఏఎండీ డ్రైవర్లూ మెరుగయ్యాయి. విడుదల నాటి తేడా క్రమంగా చెరిగిపోయింది. ఆర్ఎక్స్ 580 వచ్చాక చాలా కొత్త ఆటల్లో మొగ్గు ఏఎండీ వైపు తిరిగింది.

580 గురించి ఒక మాట. 2017 ఏప్రిల్ 18న 8 జీబీ రకం 229 డాలర్లకు వచ్చిన ఈ కార్డులో చిప్పు పాతదే, క్లాక్ 1340కి పెరిగింది, విద్యుత్తు 185 వాట్లకు చేరింది. అంటే 1060 కన్నా 65 వాట్లు ఎక్కువ. ఇంట్లో ఉన్న పాత పవర్ సప్లై దీనికి చాలకపోతే, కొత్త దాని ధరను కూడా కార్డు ధరలో కలుపుకోవాల్సిందే. 2018 నవంబరులో 12 నానోమీటర్ల ఆర్ఎక్స్ 590 కూడా వచ్చింది. 279 డాలర్ల ధరకు దాన్ని సమర్థించడం కష్టం.

గిట్టుబాటు లెక్క

ఫ్రేముల పట్టికలు చూసి విలువ తేల్చిన వ్యాసాలు చాలావరకు మానిటర్‌ను మరిచిపోయాయి. కార్డు పంపే ఫ్రేములకు అనుగుణంగా తెర తన వేగాన్ని మార్చుకునే సౌకర్యం ఏఎండీ వైపు ఫ్రీసింక్ పేరుతో మామూలు ధరల మానిటర్లలోనే వచ్చేది. ఎన్విడియా జీసింక్‌కు ప్రత్యేక హార్డ్‌వేర్ కావాలి. దాని మానిటర్ల ధర అందుకు తగ్గట్టే ఎక్కువ. 250 డాలర్ల కార్డు కొనేవారు జీసింక్ మానిటర్ వైపు చూడరు. 2019 జనవరిలో ఎన్విడియా మనసు మార్చుకుని, ఫ్రీసింక్ తరహా మానిటర్లకు తన డ్రైవర్‌లో తోడ్పాటు ఇచ్చింది. అంతవరకు, అంటే దాదాపు రెండున్నరేళ్ళు, ఈ ఒక్క విషయంలో 480, 580లది స్పష్టమైన ఆధిక్యం.

మరోవైపు, ఏఎండీ ఇచ్చిన విలువను దుకాణాల్లో దొరక్కుండా చేసింది క్రిప్టో మైనింగ్. క్రిప్టో కరెన్సీ ఈథీరియం తవ్వకానికి కావలసింది మెమరీ వేగం. 480, 580ల వెడల్పాటి మెమరీ మార్గం ఆ పనికి చక్కగా సరిపోయింది. 2017 వేసవికల్లా ఏఎండీ కార్డులు అరల్లోంచి మాయమయ్యాయి. దొరికినవాటి ధర ముద్రిత ధరకు ఎంతో పైన. 1060 ధర కూడా పెరిగినా, ఆటగాళ్ళకు అది ఎంతో కొంత అందుబాటులో ఉండింది. 2018 తొలి నెలల్లో మళ్ళీ అదే కొరత. ఆటల దుకాణం స్టీమ్ నెలనెలా వేసే హార్డ్‌వేర్ లెక్కల్లో 1060 ఏళ్ళ తరబడి మొదటి స్థానంలో నిలవడానికి ఇదొక కారణం. ల్యాప్‌టాప్‌లలోనూ అదే పేరుతో, దాదాపు అంతే శక్తితో రావడం ఇంకో కారణం. 2022 చివర్లో జీటీఎక్స్ 1650 దాన్ని ఆ స్థానం నుంచి దించింది. ఎక్కువమంది కొన్నంత మాత్రాన 1060 ఎక్కువ గిట్టుబాటని కాదు. ఆ రోజుల్లో అసలు ధరకు దగ్గరగా దొరికింది అదే.

మైనింగ్ లాభాలు పడిపోయిన ప్రతిసారీ వాడిన కార్డులు సెకండ్ హ్యాండ్ మార్కెట్‌ను ముంచెత్తాయి. ఈథీరియం 2022 సెప్టెంబరులో మైనింగ్‌ను పూర్తిగా వదిలేశాక ఇక చెప్పనక్కరలేదు. వీటిలో చాలావాటికి బయాస్ మార్చి ఉంటుంది, ఫ్యాన్లు అరిగి ఉంటాయి, చిప్పు మీది థర్మల్ పేస్టు ఎండిపోయి ఉంటుంది. ఇంకో మోసం కూడా ఉంది. 2018లో చైనా మార్కెట్ కోసం ఏఎండీ ‘ఆర్ఎక్స్ 580 2048ఎస్‌పీ’ అనే రకాన్ని విడుదల చేసింది. పేరు 580, లోపల ఉన్నది 2048 యూనిట్లు; అంటే నిజానికి దిగువ రకమైన ఆర్ఎక్స్ 570. తరవాతి కాలంలో చైనా నుంచి చౌకగా వచ్చిన ‘580’ల్లో ఎక్కువ భాగం ఇవే. 3 జీబీ 1060 విషయంలో ఎన్విడియాను తప్పుపట్టినవారు ఇక్కడ ఏఎండీనీ వదిలిపెట్టనక్కరలేదు.

మలి దశ

8 జీబీ మెమరీ అసలు ప్రయోజనం ఆటల్లో ఉపరితలాలకు అంటించే బొమ్మలైన టెక్స్‌చర్ల పరిమాణం పెరిగాకే బయటపడింది. 3 జీబీ 1060 అన్నిటికన్నా ముందు చేతులెత్తేసింది. 6 జీబీ రకం చాలాకాలం నెట్టుకొచ్చింది. 8 జీబీ 580 మాత్రం టెక్స్‌చర్ల స్థాయి తగ్గించకుండానే మరికొన్నాళ్ళు నడిచింది. 2021లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఆర్ రెండు కార్డులకూ ఊపిరి పోసింది. తక్కువ రిజల్యూషన్‌లో గీసిన బొమ్మను పెద్దదిచేసే ఈ పద్ధతి ఏఎండీది. ఎన్విడియా సొంత పద్ధతి డీఎల్‌ఎస్‌ఎస్ 1060 మీద పనిచేయదు. తన కార్డు కొన్నవారిని ఎన్విడియా వదిలేస్తే, పోటీదారు ఆదుకున్నట్టయింది.

‘సైబర్‌పంక్ 2077’ తరవాతి కాలంలో తన కనీస అవసరాలను సవరించినప్పుడు 6 జీబీ 1060, 8 జీబీ 580ల పేర్లను పక్కపక్కనే పెట్టింది. 2023 అక్టోబరులో వచ్చిన ‘అలన్ వేక్ 2’ మెష్ షేడర్లు అడిగింది. అవి ఈ రెండింటిలోనూ లేవు. 2024 డిసెంబరులో వచ్చిన ‘ఇండియానా జోన్స్’ ఆట రే ట్రేసింగ్ హార్డ్‌వేర్‌ను తప్పనిసరి చేసింది. అక్కడితో కొత్త తరం ఆటల తలుపు మూసుకుపోయినట్టే.

డ్రైవర్ల విషయంలో చివరి అంకం ఎన్విడియాకు అనుకూలంగా ముగిసింది. ఏఎండీ 2023లోనే 480, 580 వంటి పొలారిస్ కార్డులను ప్రధాన డ్రైవర్ నుంచి వేరుచేసి, అరకొర నవీకరణల జాబితాలోకి నెట్టింది. 1060కి మాత్రం మామూలు గేమ్ డ్రైవర్లు 2025 అక్టోబరు దాకా వచ్చాయి. భద్రతా సవరణలు 2028 అక్టోబరు దాకా ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. లినక్స్ వాడేవారికి ఈ లెక్క వర్తించదు. అక్కడ ఏఎండీకి ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఉండడంతో 580 ఇప్పటికీ సాఫీగా నడుస్తుంది.

మొత్తం మీద, అసలు ధరకు దొరికి, సరిపడా పవర్ సప్లై ఉన్నవారికి 8 జీబీ 480 లేదా 580 ఎక్కువ గిట్టుబాటైన కార్డు. చిన్న ప్రాసెసర్, పాత పవర్ సప్లై ఉన్నవారికి 6 జీబీ 1060 మేలు. 3 జీబీ 1060, 2048 యూనిట్ల 580 ఎంత చౌకగా వచ్చినా కొనదగినవి కావు.