హాక్ విమానం - 26 ఏళ్ళ ఎదురుచూపు

చిన్నప్పుడు మేము అల్వాల్‌లో ఉండేవాళ్ళం. హకీంపేట వాయుసేన స్థావరం దగ్గరే కాబట్టి పొద్దున్నే కిరణ్ విమానాలు మా డాబా మీదుగా వెళ్తుంటే చేతులూపేవాడిని. పైనున్నాయన చూసే ఉంటాడని గట్టి నమ్మకం :) అవి శిక్షణ విమానాలనీ, నడిపేది నేర్చుకునే కుర్రాళ్ళనీ చాలా ఏళ్ళకి గానీ తెలియలేదు. ఆ కుర్రాళ్ళలో చాలామంది కిరణ్ దిగాక ఏ విమానం ఎక్కేవారో తెలిసింది ఇంకా తరవాత. మిగ్-21!

ఇందులో వింతేముంది అంటారా? కిరణ్ వేగం గంటకి 700 కిలోమీటర్ల లోపే. మిగ్-21 ధ్వని కంటే రెండింతల వేగంతో పోగలదు. రన్‌వే మీద దిగేటప్పుడే 300 దాటి ఉంటుంది. కిరణ్‌లో గురువుగారు పక్క సీట్లో కూర్చుంటారు. రెండు సీట్ల మిగ్‌లో వెనక కూర్చుంటారు, దిగేటప్పుడు ముందు రన్‌వే కనపడాలంటే ఆయన పెరిస్కోపులోంచి చూడాలి. స్కూటీ నేర్చుకున్నవాణ్ణి తీసుకెళ్ళి ఘాట్ రోడ్డులో లారీ ఎక్కించినట్టన్నమాట.

ఈ రెండింటి మధ్య ఒక మెట్టు కావాలి. దాన్నే అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ అంటారు. అలాంటిదే హాక్. బ్రిటన్‌లో హాకర్ సిడ్లీ కంపెనీ తయారుచేసిన ఈ విమానం మొదటిసారి ఎగిరింది 1974 ఆగస్టులో. ఇందులో ఇద్దరూ ఒకరి వెనక ఒకరు కూర్చుంటారు, కానీ వెనక సీటు ఎత్తుగా ఉంటుంది. శిష్యుడి తల మీదుగా గురువుగారికి ముందంతా కనిపిస్తుంది. చిన్న విషయంలాగే ఉంటుంది గానీ, ప్రాణాలు కాపాడేవి ఇలాంటి చిన్న విషయాలే.

బ్రిటన్ వాయుసేనలో హాక్ వచ్చి నాట్ విమానాన్ని పక్కకి తప్పించింది. 1965 యుద్ధంలో మనవాళ్ళు పోరాడింది ఈ నాట్‌లతోనే! వాళ్ళు పాఠాలకి వాడుకున్న రకాన్ని మనం యుద్ధానికి వాడుకున్నాం. ఇక హాక్‌ని ఫిన్లాండ్ కొంది, కెన్యా, మలేషియా, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా కొన్నాయి. అమెరికా నావికాదళమైతే దానికి గట్టి చక్రాలూ, తోకకింద కొక్కెమూ పెట్టించి, గాస్‌హాక్ అని పేరు మార్చి, ఓడల మీద దిగడం నేర్పడానికి వాడుకుంది.

అన్నీ మంచి కబుర్లే కాదు. ఈ విమానానికి బాంబులు కూడా తగిలించొచ్చు. జింబాబ్వే తన హాక్‌లని కాంగో యుద్ధానికి పంపింది. ఇండొనేషియాకి అమ్మితే తూర్పు తైమూర్ ప్రజల మీద వాడతారని 1996 జనవరిలో కొందరు బ్రిటిష్ మహిళలు వార్టన్ ఫ్యాక్టరీలోకి దూరి, పంపడానికి సిద్ధంగా ఉన్న హాక్‌ని సుత్తులతో కొట్టారు. అదే ఏడాది జూలైలో లివర్‌పూల్ కోర్టులో జ్యూరీ వాళ్ళని నిర్దోషులని వదిలేసింది. కాగితం మీద 'శిక్షణ' అని రాసినంత మాత్రాన విమానం సాధువైపోదు.

సరే, మన సంగతికొద్దాం. మనకి ఇలాంటి విమానం కావాలని లా ఫాంటెన్ కమిటీ చెప్పింది 1982లో. పోటీలో మిగిలినవి హాక్, ఆల్ఫా జెట్. మనం తేల్చేలోపు ఆల్ఫా జెట్ తయారీయే ఆగిపోయింది! ప్రభుత్వాలు మారాయి, ఫైళ్ళు తిరిగాయి. చివరికి 66 హాక్‌లకి సంతకం పెట్టింది 2004 మార్చిలో. అవి బీదర్‌లో వాయుసేనలో చేరింది 2008 ఫిబ్రవరిలో. అంటే సలహాకీ విమానానికీ మధ్య 26 ఏళ్ళు. నా వయసుకి ఒక్క ఏడాది తక్కువ.

ఈలోగా ఏమయింది? 2012లో రక్షణమంత్రి ఆంటోనీ రాజ్యసభలో చెప్పిన లెక్క ఇది: 1971-72 నుంచి 2012 ఏప్రిల్ దాకా 482 మిగ్ ప్రమాదాలు, 171 మంది పైలట్ల మరణం. నేలమీదున్న 39 మంది మామూలు జనం కూడా పోయారు. ఇదంతా ట్రైనర్ లేకపోవడం వల్లేనని నేననను, అది అబద్ధం అవుతుంది. పాత ఇంజన్లు, సాంకేతిక లోపాలు కూడా ఉన్నాయి. కానీ మధ్య మెట్టు లేకుండా పైమెట్టు ఎక్కమన్నది మాత్రం మనమే. ప్రమాదం జరిగిన ప్రతిసారీ కారణాల్లో 'మానవ తప్పిదం' అన్న మాట వినిపించేది. ఆ మానవుడు విమానంలో ఉన్న కుర్రాడా, ఫైలు పక్కన పెట్టిన పెద్దమనిషా?

మా ఆఫీసులో కొత్తగా చేరినవాడికి మొదటివారమే లైవ్ సర్వర్ పాస్‌వర్డ్ ఇవ్వం. ఇచ్చాక వాడేదైనా చెడగొడితే తప్పు ఇచ్చినవాడిదే అంటాం. పోయేది డేటా అయినప్పుడే ఇంత జాగ్రత్త!

తరవాత ఇంకో 57 కొన్నారు, 2013లో విశాఖ ఐఎన్ఎస్ డేగాలో నావికాదళానికీ ఇచ్చారు. సూర్యకిరణ్ జట్టు ఇప్పుడు విన్యాసాలు చేసేది కూడా హాక్‌ల మీదే. మిగ్-21 అయితే 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో రిటైరయింది. ఆ రోజు టీవీలో అందరూ దానికి సెల్యూట్ చేసారు. చేయాల్సిందే.

నాకు మాత్రం మా డాబా గుర్తొచ్చింది. నేను చేతులూపినవాళ్ళంతా పెద్దవాళ్ళయ్యారా అని.