టీకా తర్వాత చేయి నొప్పి: కదిలించాలా, కదపకూడదా?

కొవిడ్, ఫ్లూ, ధనుర్వాతం... ఇలాంటి టీకాలను పెద్దవాళ్లకు జబ్బకే వేస్తారు. వేసిన కొన్ని గంటలకు అక్కడ సలుపు మొదలవుతుంది. చొక్కా తొడుక్కోవాలన్నా, ఆ పక్కకు తిరిగి పడుకోవాలన్నా ఇబ్బందే. దీంతో చాలామంది ఆ చేతిని అస్సలు కదపకుండా ఉంచుతారు. నిజానికి తేలికగా కదిలిస్తూ ఉంటేనే ఉపశమనం. అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ కూడా ఇదే సూచించింది.

నొప్పి ఎందుకు?

భుజం కింద త్రికోణాకారంలో ఉండే కండరం పేరు డెల్టాయిడ్. టీకా మందు చేరేది అందులోకే. కొవిషీల్డ్, కొవాగ్జిన్ ఒక్కో డోసు 0.5 మిల్లీలీటర్లు. మందు చేరిన చోటికి రోగనిరోధక కణాలు వస్తాయి. ఫలితంగా కాస్త వాపు, ఎరుపు, నొప్పి కనిపిస్తాయి. సాధారణంగా రెండు, మూడు రోజుల్లో తగ్గిపోతాయి. అలాగని నొప్పి లేకపోతే టీకా పనిచేయలేదని అనుకోనక్కర్లేదు.

ఏ వ్యాయామాలు చేయాలి?

• పిడికిలి బిగించి వదలడం, మోచేతిని వంచి చాచడం: పదేసి సార్లు.

• రెండు భుజాలనూ నెమ్మదిగా ముందుకు ఐదుసార్లు, వెనక్కు ఐదుసార్లు గుండ్రంగా తిప్పడం.

• రెండో చేతిని బల్లకు ఆనించి ముందుకు వంగి, నొప్పి ఉన్న చేతిని వేలాడదీసి గడియారం లోలకంలా అర నిమిషం ఊపడం.

• గోడకు ఎదురుగా నిలబడి, వేళ్లను గోడ మీద మెల్లగా పైకి పాకించడం. నొప్పి పెరిగే చోట ఆగి, అలాగే కిందికి దించాలి.

వీటిని రోజుకు మూడు, నాలుగు సార్లు చేస్తే చాలు. కాస్త లాగినట్టు ఉంటే ఫర్వాలేదు, పోటు వస్తే ఆపేయాలి. జ్వరం, నీరసం ఉంటే విశ్రాంతే మేలు. జిమ్‌లో బరువులెత్తడం నొప్పి తగ్గేదాకా వాయిదా వేయండి.

ఇంకేం చేయొచ్చు?

చల్లటి నీళ్లలో తడిపి పిండిన శుభ్రమైన గుడ్డను నొప్పి ఉన్నచోట కాసేపు ఉంచాలి. సూది గుచ్చిన చోట గట్టిగా రుద్దొద్దు. నొప్పి మరీ ఎక్కువైతే వైద్యుల సలహాతో పారాసెటమాల్ వేసుకోవచ్చు. నొప్పి వస్తుందేమోనని టీకాకు ముందే మాత్ర మింగడం మంచిది కాదు.

పసిపిల్లలకు ఈ వ్యాయామాలు అవసరం లేదు. వారికి పెంటావాలెంట్ టీకాను తొడకు వేస్తారు. ఎడమ జబ్బకు వేసే బీసీజీ సంగతి వేరు. కొన్ని వారాలకు అక్కడ చిన్న పుండై, మచ్చగా మానుతుంది. దానికి ఏ మందూ పూయకూడదు.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

ఎరుపు, నొప్పి 24 గంటల తర్వాత తగ్గకపోగా పెరుగుతుంటే, చీము పడితే, చేయి తిమ్మిరెక్కితే ఆలస్యం చేయొద్దు. అరుదుగా సూది ఉండాల్సిన దానికంటే పైన పడి, భుజం కీలు చుట్టూ ఉన్న కణజాలం దెబ్బతింటుంది. అలాంటప్పుడు నొప్పి సాధారణంగా రెండు రోజుల్లోపే మొదలై, వారాలు, నెలలు సాగుతుంది. చేయి పైకి లేవదు. ‘టీకా నొప్పేలే’ అని సరిపెట్టుకుంటే భుజం బిగుసుకుపోయే ప్రమాదముంది. దీనికి ఇంటి వ్యాయామాలు చాలవు, ఎముకల వైద్యుణ్ని కలవాలి.

మామూలు చేయి నొప్పికి భయపడి మాత్రం తర్వాతి డోసు మానేయొద్దు. ఆ నొప్పి రెండు రోజులదే, టీకా ఇచ్చే రక్షణ అంతకంటే చాలా ఎక్కువ కాలం ఉంటుంది.