పాట మీద పేరు ఎవరిది? తెలుగు గాయకుల సొంత రికార్డులు – ఒక చారిత్రక పరిశీలన

పాఠ్యభాగ లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• సినిమా పాటకూ గాయకుల సొంత రికార్డుకూ మధ్య తేడాను వివరించగలుగుతారు.
• ఒక గ్రామఫోను రికార్డును చారిత్రక ఆధారంగా ఎలా చదవాలో తెలుసుకుంటారు.
• గాయకుల పేరుకు, హక్కులకు ఉన్న సంబంధాన్ని చర్చించగలుగుతారు.

1. పరిచయం

పాటల చరిత్ర అనగానే మనకు సినిమాల జాబితాలు గుర్తుకు వస్తాయి. ఏ సినిమాలో ఏ పాట, దానికి తెర మీద ఎవరు నటించారు అన్న వివరాలే ఎక్కువగా నమోదయ్యాయి. కానీ సినిమాతో సంబంధం లేకుండా, గాయకుడు లేదా గాయని తన పేరుతో వెలువరించిన రికార్డులు కూడా తెలుగులో ఉన్నాయి. వీటిని అప్పట్లో 'ప్రైవేటు రికార్డులు' అనేవారు. ఈ రోజు మనం 'సోలో ఆల్బమ్' అంటున్న దానికి ఇవే పూర్వరూపాలు. ఒక గొంతు మొదటిసారి తన పేరుతో జనం ముందుకు రావడం వెనుక ఏయే పరిస్థితులు పనిచేశాయన్నది ఈ పాఠంలోని ముఖ్యాంశం.

2. 'ఆల్బమ్' అనే మాట ఎక్కడిది?

మన దేశంలో వాణిజ్య రికార్డింగు 1902లో కలకత్తాలో ఆరంభమయింది. గ్రామఫోను కంపెనీ తరఫున వచ్చిన ఫ్రెడ్ గైస్‌బర్గ్ అక్కడ గౌహర్ జాన్ పాటలను రికార్డు చేశాడు. ఆ కాలపు లక్క పళ్లెం నిమిషానికి దాదాపు 78 సార్లు తిరిగేది. పది అంగుళాల పళ్లెంలో ఒక్కో పక్కన సుమారు మూడు నిమిషాల పాట మాత్రమే పట్టేది. ఎక్కువ సంగీతం ఇవ్వాలంటే అనేక పళ్లాలు కావాలి. వాటిని ఫొటోల పుస్తకం లాంటి అట్టల సంచిలో పెట్టి అమ్మేవారు. 'ఆల్బమ్' అనే పేరు దానికి అలా వచ్చింది. 1948లో అమెరికాలో లాంగ్ ప్లే రికార్డు వచ్చాక అనేక పాటలు ఒకే పళ్లెంలో ఇమిడాయి. సంచి పోయినా పేరు మిగిలింది.

కాబట్టి 1930ల, 1940ల తెలుగు గాయకుల 'తొలి ఆల్బమ్' కోసం వెతికితే మనకు ఏమీ దొరకదు. వారి 'తొలి రికార్డు' కోసం వెతకాలి. ఒక కాలపు మాటను మరో కాలానికి అంటగట్టకుండా ఉండటం చరిత్ర విద్యార్థి నేర్చుకోవలసిన మొదటి జాగ్రత్త.

3. ముద్ర నుంచి లేబుల్ దాకా

మన సంగీత సంప్రదాయంలో పాటలో కనిపించే పేరు పాడినవారిది కాదు, కట్టినవారిది. క్షేత్రయ్య పదాల్లో 'మువ్వగోపాల' ముద్ర, త్యాగరాజ కీర్తనల్లో ఆయన పేరే ముద్రగా ఉండటం మీకు తెలిసిందే. వందల ఏళ్లపాటు ఆ పాటలను పాడి నిలబెట్టిన వేలమంది పేర్లు మాత్రం పాటతో పాటు ప్రయాణించలేదు.

గ్రామఫోను ఈ క్రమాన్ని మార్చింది. తొలినాళ్లలో మూలపళ్లాలను అచ్చు వేయడానికి జర్మనీలోని హనోవర్‌కు పంపేవారు. ఏ పాట ఎవరిదో అక్కడివారు పోల్చుకోవడానికి వీలుగా గౌహర్ జాన్ పాట చివర ఇంగ్లీషులో తన పేరు చెప్పేది. తరువాత ఆ పని కాగితపు లేబుల్ చేసింది. అలా పాడినవారి పేరు పాటతో కలిసి ఇంటింటికీ చేరింది.

సినిమా వచ్చాక పరిస్థితి మళ్లీ తిరగబడింది. నేపథ్యగానంలో గొంతు ఒకరిది, ముఖం మరొకరిది. 1949లో వచ్చిన హిందీ చిత్రం 'మహల్' రికార్డు మీద మొదట లతా మంగేష్కర్ పేరు లేదు. ఆ పాట పాడే పాత్ర పేరు 'కామిని' అని వేశారు. ఈ ఒక్క లేబుల్ చాలు, ఆ కాలంలో గాయనీ గాయకుల స్థానం ఏమిటో చెప్పడానికి.

4. రెండు తెలుగు ఉదాహరణలు

అ) రావు బాలసరస్వతీదేవి: 1928లో పుట్టిన ఈమె ఆరేళ్ల ప్రాయంలోనే హెచ్.ఎం.వి. సంస్థకు సోలో రికార్డు ఇచ్చారు. 1936లో సి. పుల్లయ్య చిత్రంలో బాలనటిగా కనిపించారు. 1943 నాటి 'భాగ్యలక్ష్మి' చిత్రంలో కమలా కోట్నీస్‌కు పాడిన ఈమెను తెలుగులో తొలి నేపథ్యగాయనిగా చెబుతారు. ఆకాశవాణిలో లలితసంగీతానికి ఆదరణ తెచ్చిన తొలి గొంతుల్లో ఆమెది ఒకటి.

ఇక్కడ వరుసక్రమాన్ని గమనించండి. సినిమాలో పేరు వచ్చాక సొంత రికార్డు చేయడం తరువాతి తరాల దారి. బాలసరస్వతి విషయంలో సొంత రికార్డే ముందు వచ్చింది. అంటే తెలుగు లలితసంగీతం సినిమా పాటకు పుట్టిన బిడ్డ కాదు. రికార్డు, రేడియో, సినిమా మూడూ ఒకదానికొకటి గొంతులను ఇచ్చిపుచ్చుకున్నాయి. 1944లో కోలంక రాజావారితో వివాహమయ్యాక ఆమె నటనకు దూరమయ్యారు. కొన్నేళ్లకు పాట కూడా తగ్గింది. ఒక స్త్రీ తన పేరుతో పాడటం ఆనాడు గొంతు ఒక్కదాని మీదే ఆధారపడలేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

ఆ) ఘంటసాల వెంకటేశ్వరరావు: 1922లో పుట్టి, విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి వద్ద సంగీతం నేర్చిన ఘంటసాల 1942 ఉద్యమంలో జైలుకు వెళ్లారు. తరువాత మద్రాసు చేరి అవకాశాల కోసం తిరిగారు. అప్పట్లో హెచ్.ఎం.వి.లో పనిచేస్తున్న పేకేటి శివరాం ఆయనచేత ప్రైవేటు రికార్డులు పాడించారు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి 'పుష్పవిలాపం' పద్యాలు ఘంటసాల గొంతులో ఊరూరా వినిపించాయి.

పద్యం వినే అలవాటు నాటకాల వల్ల అప్పటికే జనంలో ఉంది. కాకపోతే రంగస్థలం మీద రాగం ఎంతసేపైనా సాగేది, 'వన్స్ మోర్' అంటే మళ్లీ పాడేవారు. రికార్డులో మూడు నిమిషాలు దాటడానికి లేదు. రాగం తగ్గించి, మాటలోని భావం తేటగా వినిపించేలా పాడే తీరు ఆ పరిమితికి సరిగ్గా సరిపోయింది. సాంకేతిక పరిమితి కళారూపాన్ని ఎలా మలుస్తుందో చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆయన పాడిన భగవద్గీత రికార్డు ఆ తరువాతే వెలువడింది. సినిమాలో ఇద్దరు అగ్రనటులకూ గొంతు ఇచ్చిన మనిషి చివరి పని, ఏ ముఖమూ అవసరం లేని సొంత రికార్డు.

5. ఒక ప్రపంచ పోలిక

పోర్టోరికోలో 1977లో 'మెనూడో' అనే బాలుర బృందం మొదలయింది. అందులో కుర్రవాళ్లు ఎదిగి గొంతు మారే వయసుకు రాగానే వారిని పంపి కొత్తవారిని తీసుకునేవారు. పేరు బృందానిది, ముఖాలు మారుతుంటాయి. 1984లో పన్నెండేళ్ల వయసులో చేరిన రికీ మార్టిన్ 1989లో బయటికి వచ్చి, 1991లో తన పేరునే శీర్షికగా పెట్టి స్పానిష్ భాషలో తొలి సోలో ఆల్బమ్ విడుదల చేశాడు.

తెలుగు సినిమాలో గొంతు నిలిచి ముఖాలు మారాయి. మెనూడోలో పేరు నిలిచి మనుషులే మారారు. దారులు వేరైనా గాయకుడికి ఎదురైన ప్రశ్న ఒకటే: ఈ పాటను జనం నా పేరుతో గుర్తుంచుకుంటారా? రెండు చోట్లా సొంత రికార్డు దానికి వెతికిన సమాధానం. అయితే అది పూర్తి స్వేచ్ఛ అని భావించరాదు. సినిమా నిర్మాత స్థానంలోకి రికార్డు కంపెనీ వచ్చింది. ఎవరి గొంతు పళ్లెం ఎక్కాలో అదే నిర్ణయించేది.

6. పేరు – హక్కు

1957 నాటి కాపీరైటు చట్టంలో పాడినవారికి ప్రత్యేక హక్కు లేదు. నిర్మాత డబ్బిచ్చి చేయించుకున్న సినిమా పాటకు, వేరే ఒప్పందం లేకపోతే, నిర్మాతే యజమాని అని 1977లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ వివాదం కవులు, స్వరకర్తల గురించి సాగింది. గాయకుల ఊసు అంతగా రాలేదు. ప్రదర్శకుల హక్కు 1994 సవరణతో వచ్చింది. 2012 సవరణ గాయకులకు రాయల్టీలో వాటా కల్పించింది. గౌహర్ జాన్ తన పేరు పలికిన నాటి నుంచి చట్టం గాయకుడిని హక్కుదారుగా గుర్తించడానికి తొంభై ఏళ్లకు పైగా పట్టింది.

7. మీ ఊరే మీ గ్రంథాలయం

మీరు మామిడికుదురులో ఉంటున్నారనుకోండి. ఆ ఊరు గోదావరి పాయలైన వశిష్ట, వైనతేయల మధ్య ఉన్న రాజోలు దీవిలో ఉంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ 1930లో ఇదే దీవిలోని శంకరగుప్తంలో పుట్టారు. ఆయన విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు వద్ద శిక్షణ పొంది, గాయకుడిగా, 'మురళి' ముద్రతో రచించిన వాగ్గేయకారుడిగా ప్రసిద్ధులయ్యారు. ముద్ర, లేబుల్ రెండింటిలోనూ తన పేరు నిలుపుకొన్న అరుదైన మనిషి ఆయన.

కానీ పెద్దవారి జీవితచరిత్రలతో చరిత్ర పూర్తికాదు. రికార్డులు కొన్నదెవరు, పెళ్లి పందిళ్లలో, తిరునాళ్లలో వాటిని వినిపించిన మైకుసెట్టు వారు ఎవరు, గ్రామఫోను పెట్టె ఉన్న ఇంటి అరుగు మీద ఎవరిని కూర్చోనిచ్చారు, ఎవరిని వీధిలోనే నిలబెట్టారు? ఈ ప్రశ్నలకు సమాధానాలు పుస్తకాల్లో కంటే మనుషుల జ్ఞాపకాల్లో దొరుకుతాయి. లక్క రికార్డు చేయి జారితే పగిలిపోతుంది. 1996 నవంబరు తుఫానులో ఇంటి పైకప్పుతో పాటు కాగితాలూ సామానూ పోగొట్టుకున్న కుటుంబాలు కోనసీమలో ఎన్నో ఉన్నాయి. ఆనాటి శ్రోతలు కూడా ఇప్పుడు చాలా పెద్దవయసు వారు. అందుకే ఈ పని వాయిదా వేయదగింది కాదు.

కృత్యం: మీ ఊరిలో ఒక పాత రికార్డును గాని, ఆ కాలపు శ్రోతను గాని గుర్తించండి. రికార్డు దొరికితే లేబుల్ మీది కంపెనీ పేరు, సంఖ్య, పాడినవారి పేరు, రచయిత పేరు రాసుకోండి. ఏ పేరు పెద్ద అక్షరాల్లో ఉంది, ఏ పేరు అసలు లేదు అన్నది తప్పక గమనించండి. శ్రోత దొరికితే, వారి అనుమతితో, ఎక్కడ ఎవరితో కలిసి విన్నారో అడిగి వారి మాటల్లోనే నమోదు చేయండి.

8. సారాంశం

మన పాటలో మొదట కట్టినవారి ముద్ర ఉండేది. గ్రామఫోను లేబుల్ పాడినవారి పేరును ముందుకు తెచ్చింది, సినిమా దాన్ని ముఖం వెనక్కి నెట్టింది. సొంత రికార్డు ఆ పేరును తిరిగి నిలిపే ప్రయత్నం. పేరు దక్కిన చాలాకాలానికి గాని హక్కు దక్కలేదు. అందువల్ల ఏ రికార్డు చేతికి వచ్చినా పాట వినడంతో ఆగకుండా లేబుల్ కూడా చదవండి.

9. మాదిరి ప్రశ్నలు

1. 'ముద్ర', 'లేబుల్' మధ్య తేడాను ఉదాహరణలతో వివరించండి.
2. మూడు నిమిషాల పరిమితి తెలుగు పద్యగానంపై చూపిన ప్రభావం ఏమిటి?
3. సొంత రికార్డు గాయకులకు ఎంతవరకు స్వేచ్ఛనిచ్చింది? చర్చించండి.