నిప్పుకు నిలిచి, వానకు కూలిన ఎల్గిన్ కేథడ్రల్

స్కాట్లండ్ ఉత్తరాన మోరే ప్రాంతంలో, లాసీ నది దగ్గర ఎల్గిన్ కేథడ్రల్‌కు 1224లో అంకురార్పణ జరిగింది. ‘ఉత్తరాది దీపం’ అని దానికి పేరు. 1270లో మంటల్లో చిక్కుకుంది. బాగుచేస్తూనే దాన్ని మరింత పెంచారు. తూర్పు కొస పొడిగించారు, అదనపు నడవలు చేర్చారు, మతగురువుల సభలకు ఎనిమిది పలకల మందిరం కట్టారు.

రెండో నిప్పు 1390లో. పెట్టినవాడు అలెగ్జాండర్ స్టూవర్ట్, రెండో రాబర్ట్ రాజు కొడుకు. ‘బేడనాక్ తోడేలు’గా చరిత్రకెక్కాడు. భార్యను వదిలేసి మరొకామెతో కాపురం పెడితే బిషప్పు అలెగ్జాండర్ బర్ భార్య పక్షాన నిలిచి, అతణ్ణి వెలివేశాడు. ఆ కసితో జూన్‌లో దండుతో వచ్చి ఊరినీ చర్చినీ తగలబెట్టాడు. రాజకుమారుడు కాబట్టి ప్రాయశ్చిత్తంతో బయటపడ్డాడు! గుడిని తిరిగి నిలబెట్టడానికి మాత్రం తరాలు పట్టింది.

ఇంత తట్టుకున్న కట్టడాన్ని పడగొట్టింది తోడేలు కాదు, ఒక సర్కారీ ఉత్తర్వు. 1560లో ప్రొటెస్టెంట్ మతసంస్కరణ గెలిచాక కేథడ్రల్‌తో ఎవరికీ పనిలేకపోయింది. కొన్నేళ్లకే సైనికుల జీతాలకు డబ్బు చాలక, కప్పు మీది సీసపు రేకులు పీకి అమ్మమన్నారు. ఆ సీసంతో వెళ్లిన ఓడ మునిగిపోయిందని చెబుతారు. పోయిన కప్పు మాత్రం పోయిందే. వాన నేరుగా దూలాల్లోకి దిగింది. 1637లో గాలివాన తూర్పు భాగపు కప్పును కూల్చింది. 1711లో ఈస్టర్ ఆదివారం నాడు నడి గోపురం కుప్పకూలింది. రాళ్లను ఊళ్లోవాళ్లు ఇళ్లకు మోసుకుపోయారు.

ఎనిమిది పలకల మందిరం మాత్రం కప్పుతో మిగిలింది. చేతివృత్తుల సంఘాలు అక్కడ సమావేశాలు జరుపుకునేవి మరి. నడిమి స్తంభం నుంచి రాతి కమ్మీలు గొడుగు ఊచల్లా విచ్చుకుని ఎనిమిది గోడలనూ అందుకుంటాయి. పక్కనున్న చిన్న గదిలో 18వ శతాబ్దంలో మార్జరీ గిల్జియన్ అనే నిరుపేద తలదాచుకుంది. బిడ్డను రాతి తొట్టిలో పడుకోబెట్టేదట. ఆ బిడ్డే ఆండ్రూ ఆండర్సన్. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో జనరల్ అయ్యి, ఎల్గిన్‌లో వృద్ధులకూ పేదపిల్లలకూ ఆశ్రయం కట్టించమని ఆస్తి రాసిపోయాడు.

శిథిలాలను చూడదగ్గవిగా చేసింది జాన్ షాంక్స్, చెప్పులు కుట్టేవాడు. 19వ శతాబ్దం మొదట్లో కాపలాదారుగా చేరి, వేల తోపుడుబళ్ల మట్టీ రాళ్లూ ఎత్తిపోసి, పూడిపోయిన సమాధులనూ మెట్లనూ బయటపెట్టాడు. 1841లో చనిపోయేదాకా అదే పని.