పసిపిల్లలకు కట్టుడు బొమ్మలు: ఎంపికలో గమనించవలసిన సంగతులు

బొమ్మరిల్లు కట్టుకోవడం తెలుగు పిల్లలకు కొత్త ఆట కాదు. తడి ఇసుకలో పాదం పెట్టి, పైన ఇసుక మెత్తి, కాలిని మెల్లగా వెనక్కి లాగి పిచ్చుకగూడు నిలబెట్టని బాల్యం పల్లెల్లో అరుదు. గులకరాళ్లతో గోడలు, కొబ్బరి చిప్పలతో గదులు, కందికట్టెతో పందిళ్లు పిల్లలు తమంతట తామే కల్పించుకొన్నవి. ఆ ఆటకే అంగడి రూపం నేటి బిల్డింగ్ బ్లాకులు, అనగా కట్టుడు దిమ్మెలు. వై.ఎన్.హొసకోట, పావగడ ప్రాంతపు ఇళ్లలోకి ఇవి ఎక్కువగా పుట్టినరోజు కానుకగానో, జాతర నుంచో, బెంగళూరు నుంచి వచ్చిన బంధువు సంచిలోనో చేరుతుంటాయి. పెట్టె మీది కోట బొమ్మను చూసి కొనడమే గాని, లోపలి ముక్కలు ఏ వయసు బిడ్డకు తగినవో విచారించేవారు తక్కువ.

చిన్న బిడ్డకు కావలసినవి నానారకాల ముక్కలు కావు. ఒకే కొలతకు కట్టుబడిన పెద్ద ముక్కలు తగినన్ని ఉంటే చాలును. కిటికీలు, చక్రాలు, జెండాలు, తోపుడు బండ్లు కలిసిన వంద ముక్కల పెట్టె కన్న ఇరవై నున్నని చెక్క దిమ్మెలు రెండేళ్ల బిడ్డకు ఎక్కువ కాలం పనికివస్తాయి.

ఈ మాటకు చరిత్రలో ఆధారం ఉంది. కిండర్‌గార్టెన్ పద్ధతికి ఆద్యుడైన ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్ 1837లో జర్మనీలోని బాడ్ బ్లాంకెన్‌బర్గ్‌లో తన సంస్థను నెలకొల్పి, పిల్లల కోసం ‘కానుకలు’ అనే ఆటవస్తువులను రూపొందించాడు. వాటిలో మూడవది ఎనిమిది చిన్న చెక్క ఘనాలు మాత్రమే. ఎనిమిదీ చేర్చితే ఒక పెద్ద ఘనం. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో న్యూయార్కు ఉపాధ్యాయిని కరోలిన్ ప్రాట్ ప్రచారంలోకి తెచ్చిన దిమ్మెలకు పొడవు, వెడల్పు, మందం 4:2:1 నిష్పత్తిలో ఉంటాయి. రెండు ముక్కలు పక్కపక్కన పెడితే మూడవదానికి సరిపోతాయి. సగం, రెట్టింపు అన్న లెక్క బిడ్డ చేతికి ముందు తెలుస్తుంది, నోటికి తరువాత వస్తుంది. 1939లో మద్రాసు అడయారుకు వచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలోని గులాబీ గోపురం కూడా ఇటువంటిదే. ఒక సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా పది ఘనాలు ఉంటాయి. వరుస తప్పితే కంటికే తెలిసిపోతుంది, పెద్దవారు దిద్దనక్కరలేదు. అయితే ఆ చిట్టచివరి ఘనం పసిబిడ్డ గొంతుకు అడ్డుపడే పరిమాణంలో ఉంటుంది. ఆ వస్తువు మూడేళ్ల వయసు వారికి ఉద్దేశించినదని మరువరాదు.

వయసును బట్టి

ఏడాది బిడ్డ దిమ్మెలతో ఏమీ కట్టదు. రెండు చేతులా రెండు పట్టి ఒకదానితో ఒకటి కొడుతుంది, నోట పెట్టుకొంటుంది, బుట్టలో వేసి మళ్లీ కుమ్మరిస్తుంది. అది ఆట రాకపోవడం కాదు, ఆటలో తొలి మెట్టు. ఏడాదిన్నరకు మూడు నాలుగు ముక్కలు, రెండేళ్లకు ఆరు వరకు ఒకదానిపై ఒకటి నిలుపుతారు. మూడేళ్లకు తొమ్మిది దాకా పేర్చడం, రెండింటి మధ్య ఎడం విడిచి మూడవది అడ్డంగా వేసి వంతెన చేయడం వస్తుంది. బిడ్డకూ బిడ్డకూ కొన్ని నెలల తేడా సహజం. పక్కింటి పిల్లవాడితో పోల్చి కలవరపడనవసరం లేదు.

ప్లాస్టిక్ దిమ్మెలలో ఒకదానిలో ఒకటి బిగుసుకొనేవి మరొక జాతి. డెన్మార్క్‌కు చెందిన లెగో సంస్థ నేటి రూపపు ఇటుకకు 1958లో పేటెంటు దరఖాస్తు చేసింది. ఆ ముక్కలు పసివారికి మరీ చిన్నవి కనుక 1969లో పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ రెట్టింపు చేసి డూప్లో అనే పెద్ద రకాన్ని తెచ్చింది. ఇతర సంస్థల ముక్కలు కొన్నా ఈ తేడానే చూడవలెను. అయిదేళ్లలోపు వారికి పెద్ద రకమే మేలు.

గొంతుకు అడ్డుపడే ప్రమాదం

వేరుశనగ పండే సీమలో ఈ విషయం విడమరచి చెప్పక తప్పదు. పసిపిల్లల శ్వాసనాళంలో ఇరుక్కొనే వస్తువులలో వేరుశనగ పప్పు ముందు వరుసలో ఉంటుంది. చింతగింజలు, గోలీలు, బొమ్మల చిన్న ముక్కలు కూడా అంతే ప్రమాదకరం. ఆటవస్తువుల పరీక్షలో 31.7 మిల్లీమీటర్ల వ్యాసం గల చిన్న గొట్టం వాడతారు. ఏ ముక్క అయినా అందులో పూర్తిగా దిగిపోతే అది మూడేళ్లలోపు వారికి పనికిరాదు. ఇంట్లో ఆ గొట్టం ఉండదు కాబట్టి అగ్గిపెట్టెను కొలతగా పెట్టుకోవచ్చు. అగ్గిపెట్టె కన్న చిన్న ముక్క బిడ్డకు ఇవ్వరాదు. ముక్కకు అతికించిన కన్ను, చక్రం, గుండీ వంటివి గట్టిగా లాగి చూడవలెను. ఆముదపు గింజలు, గురివింద గింజలు లెక్కల ఆటకు ఇవ్వడం కొన్ని ఇళ్లలో కనిపిస్తుంది. రెండూ విషపూరితాలు.

అయస్కాంతపు పలకలు ఈమధ్య విరివిగా వస్తున్నాయి. అంచు పగిలి లోపలి అయస్కాంతాలు బయటపడి, బిడ్డ రెండు మింగితే అవి పేగు మడతల మధ్య ఒకదానినొకటి లాగి పేగుకు చిల్లు చేయగలవు. దీపం వెలిగే బొమ్మలలోని బిళ్ల బ్యాటరీ గొంతులో చిక్కితే రెండు గంటలలోనే లోపల కాలిన పుండు ఏర్పడవచ్చు. ఈ రెండింటిలో దేనినైనా మింగినట్లు అనుమానం కలిగినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను.

గొంతుకు అడ్డుపడిన బిడ్డ గట్టిగా దగ్గుతున్నంతసేపు దగ్గనివ్వవలెను. ఊపిరాడక గొంతు పెగలని స్థితిలో ఏడాదిలోపు శిశువును ముంజేతిపై బోర్లా, తల కిందుగా పడుకోబెట్టి రెండు భుజాల నడుమ అయిదు దెబ్బలు, పిమ్మట వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద అయిదు నొక్కులు వేయవలెను. ఏడాది దాటిన బిడ్డకు వీపుపై అయిదు దెబ్బలు, బొడ్డుకు పైభాగాన లోపలికీ పైకీ అయిదు నొక్కులు. అడ్డు తొలగేదాకా ఇదే మార్చి మార్చి చేయవలెను. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి తడమరాదు, అది మరింత లోపలికి పోతుంది. అంబులెన్సుకు సరిహద్దుకు ఇటు కర్ణాటకలోనూ అటు ఆంధ్రప్రదేశ్‌లోనూ సంఖ్య ఒక్కటే: 108.

ముద్ర, రంగు, చెక్క

2021 జనవరి 1 నుంచి దేశంలో అమ్మే ఆటవస్తువులకు ఐ.ఎస్.ఐ. ముద్ర తప్పనిసరి అయింది. ముద్రపైన ఐ.ఎస్. 9873 అనీ, కరెంటుతోనో బ్యాటరీతోనో నడిచేవాటికి ఐ.ఎస్. 15644 అనీ ఉంటుంది. కింద సి.ఎం./ఎల్. అక్షరాలతో లైసెన్సు సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్యను ఫోనులో బి.ఐ.ఎస్. కేర్ యాప్‌లో కొట్టి చూస్తే తయారీదారు పేరు తెలుస్తుంది. పెట్టె లేకుండా పోగుపోసి అమ్మే బొమ్మలను పసివారికి కొనకపోవడమే క్షేమం.

అయితే ముద్ర లేని ప్రతి బొమ్మా చెడ్డదని కాదు. నమోదైన హస్తకళాకారుల వస్తువులకు, భౌగోళిక గుర్తింపు పొందిన వాటికి ఈ నిబంధన నుంచి మినహాయింపు ఉంది. బెంగళూరు–మైసూరు దారిలోని చన్నపట్టణ బొమ్మలు, ఆంధ్రలో వరాహ నది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక బొమ్మలు ఈ కోవకు చెందినవి. రెండు చోట్లా వాడేది ఒకే జాతి మెత్తని తెల్ల చెక్క, తెలుగువారు అంకుడు కర్ర అంటారు, కన్నడిగులు ఆలె మర అంటారు. చెక్కను తరిమెనపై తిప్పుతూ లక్కను ఒత్తితే ఆ రాపిడి వేడికి లక్క కరిగి అంటుకొంటుంది. మొగలి ఆకుతో రుద్దితే మెరుపు వస్తుంది. ఏటికొప్పాకలో ప్రకృతి రంగులను తిరిగి నిలబెట్టిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ లభించింది. రంగు మొక్కల నుంచి తీసినదా, రసాయనికమా అని అంగడిలో అడిగి తెలుసుకోవలెను, రెండు రకాలూ అమ్ముడవుతున్నాయి. మరొక సంగతి: తరిమెన మీద పుట్టేది గుండ్రని వస్తువు. అందువల్ల ఇవి ఏడాది బిడ్డకు గిలకలుగా, కడ్డీకి తొడిగే వలయాలుగా దివ్యంగా ఉంటాయి గాని, గోడ కట్టడానికి పలకల దిమ్మెలే కావలెను.

ఆ దిమ్మెలను ఊరి వడ్రంగి చేతనే చేయించుకోవచ్చు. ఆరంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళంన్నర మందం గలవి పది. అందులో సగం పొడవువి పది, రెట్టింపు పొడవువి అయిదారు. బాగా ఆరిన వేపచెక్క మంచిది. అంచులు, మూలలు గుండ్రంగా చిత్రిక పట్టి, గరుకు కాగితంతో రుద్దించవలెను. కొలత తేడా వస్తే గోడ నిలవదు, కాబట్టి వడ్రంగికి ఆ మాట ముందే చెప్పుకోవాలి. ప్లైవుడ్ తునకలు, చెదలమందు పూసిన చెక్క, పాత తలుపుల నుంచి తీసిన రంగు చెక్క వాడరాదు. ఇంటి రంగులలో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు పరిమితం చేసే నియమం 2017 నవంబరు నుంచే అమలులోకి వచ్చింది. అంతకు ముందటి రంగులో సీసం ఎక్కువ ఉండవచ్చు, అది పిల్లల మెదడుకు హాని. దిమ్మెలకు ఏ పూతా లేకపోయినా దోషం లేదు.

హొసకోట మగ్గాల ఇళ్లలో ఖాళీ అయిన దారపు కోన్లు ఒకదానిపై ఒకటి చక్కగా నిలుస్తాయి. చీలిక లేనివి ఏరి, మిగిలిన పోగులు తీసివేసి ఇస్తే ఖర్చు లేని ఆటవస్తువు. ఖాళీ అగ్గిపెట్టెలు మాత్రం గీసే పక్క మందు ఉన్నందున నోట పెట్టుకొనే వయసు వారికి వద్దు.

పక్కన కూర్చునే మనిషి

2007లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో ఏడాదిన్నర నుంచి రెండున్నరేళ్ల పిల్లల ఇళ్లకు దిమ్మెలు పంపి, వాటితో ఆడించే పద్ధతులు రాసి ఇచ్చారు. ఆరు నెలల పిమ్మట ఆ పిల్లల మాట నేర్పు, దిమ్మెలు అందని పిల్లల కన్న మెరుగుగా కనబడింది. ఆ పరిశోధనకు డబ్బిచ్చింది దిమ్మెలు తయారుచేసే సంస్థే కనుక ఫలితాన్ని కొంత ఆచితూచి తీసుకోవలెను. అయినా ఇంట తెలుగు, బడిలో కన్నడ వినే సరిహద్దు పిల్లలకు ఇది ఆలోచించదగిన విషయం. దిమ్మె పెడుతూ అవ్వ “పైన” అంటే, బడికి వెళ్లే అక్క “మేలె” అనవచ్చు. కింద–కెళగె, పెద్దది–దొడ్డదు, చిన్నది–చిక్కదు, చేతిలో వస్తువు ఉండగా ఈ జంటలు తేలికగా పట్టుబడతాయి. తప్పు పేర్చిన చోట పెద్దవారు చేయి వేసి సరిచేయకుండా, పడిపోయేదాకా చూడనిస్తే మరీ మంచిది.

ఆరేడేళ్లు దాటిన తరువాత మరలు, బోల్టులతో బిగించే లోహపు సెట్లు ఇవ్వవచ్చు. ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ హార్న్‌బీ 1901లో పేటెంటు పొందిన మెకానో వీటికి మూలం. ఇంట్లో చెల్లెలో తమ్ముడో పాకుతున్నట్లయితే ఆ సెట్టును మూత ఉన్న డబ్బాలో, అటక మీద పెట్టి, చాప మీద ఆడిన తరువాత ముక్కలు లెక్కపెట్టి ఎత్తివేయవలెను.